టోర్నమెంట్ పెడితే మన దగ్గర ఫుట్‌బాల్ పెరుగుతుందా? నేను చూసినంతవరకు నా జవాబు

ఖమ్మం నుంచి ఒక పీఈటీ మాస్టారు అడిగారు. 2027 ఆసియా కప్‌ను మన దేశంలో జరుపుతామని బిడ్ వేసి 2022 డిసెంబరులో వెనక్కి తీసుకున్నారు కదా, అది ఇక్కడ జరిగి ఉంటే ఫుట్‌బాల్ ఊపందుకునేది కాదా? ప్రపంచకప్ పెట్టిన దేశాల్లో ఆట నిజంగా పెరిగిందా? 2017లో అండర్-17 ప్రపంచకప్ ఇక్కడే జరిగినా మా స్కూల్లో ఏమీ మారలేదు, ఎందుకు?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పెద్ద టోర్నమెంట్ పిల్లల్ని గ్రౌండ్ గేటు దాకా తీసుకొస్తుంది. దాని పని అంతవరకే. గేటు లోపల ఆడుకోవడానికి చోటు, నేర్పే మనిషి, వారం వారం మ్యాచ్ ముందే సిద్ధంగా ఉన్న చోట ఆట పెరిగింది. లేని చోట రెండు మూడు నెలల్లో పిల్లలు వచ్చిన దారినే వెళ్లిపోయారు. వాన అన్ని ఊళ్లలోనూ పడుతుంది. చెరువు గట్టు గట్టిగా ఉన్న ఊళ్లోనే నీళ్లు నిలుస్తాయి.

నేను హైదరాబాద్‌లో 2003 నుంచి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. నగరంలో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగిన ఏడాది అది. ఫైనల్లో మనవాళ్లు ఉజ్బెకిస్థాన్ చేతిలో 0-1తో ఓడి రజతం తెచ్చుకున్నారు. అప్పటి నుంచి మా పిల్లల హాజరు పుస్తకాలన్నీ దాచుకున్నాను. ఏ టోర్నమెంట్ తర్వాత ఎంతమంది కొత్తగా వచ్చారు, ఎంతమంది మిగిలారు అన్నది వాటిలో కనిపిస్తుంది. కింద చెప్పేదాంట్లో కొంత నేను చదివి తెలుసుకున్నది, కొంత ఆ పుస్తకాల్లోది.

పెరిగిన చోటు ఎలా ఉంటుందో ముందు చూద్దాం. నాకు బాగా నచ్చిన ఉదాహరణ జపాన్‌లోని నీగాటా. మంచు విపరీతంగా కురిసే ప్రాంతం, వరికి పేరు. పెద్ద ప్రొఫెషనల్ జట్టంటూ ఏ ఆటలోనూ లేని ఊరు. 2002 ప్రపంచకప్ కోసం అక్కడ 42 వేల మంది పట్టే స్టేడియం కట్టారు. అక్కడ జరిగింది మూడే మూడు మ్యాచ్‌లు. ఆ తర్వాత అది ఖాళీగా పడి ఉండాల్సిందే.

అలా జరగలేదు. ప్రపంచకప్‌కు ముందే ఆ ఊళ్లో ఆల్బిరెక్స్ అనే చిన్న క్లబ్‌ను ప్రొఫెషనల్ జట్టుగా మార్చి రెండో డివిజన్‌లో ఆడిస్తున్నారు. మొదట్లో మ్యాచ్‌కు నాలుగు వేల మంది వచ్చేవాళ్లు. స్టేడియం తయారయ్యాక క్లబ్ వాళ్లు కాలనీ సంఘాల ద్వారా ఇంటింటికీ ఉచిత టికెట్లు పంచారు. ముసలివాళ్లు, ఆడవాళ్లు, చంటిపిల్లల తల్లులు వచ్చారు. ఉచితంగా వచ్చి కూర్చున్నవాళ్లకు జట్టు మీద మమకారం పుట్టింది, తర్వాత డబ్బు పెట్టి సీజన్ టికెట్లు కొనడం మొదలుపెట్టారు. 2003లో ఇంకా రెండో డివిజన్‌లో ఉండగానే మ్యాచ్‌కు సగటున 30 వేలు దాటారు. ఆ ఏడాదే పై డివిజన్‌కు వెళ్లారు. 2005 నాటికి సగటు 40 వేలు!

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ప్రపంచకప్ చూసి ఆట మీద మనసు పడ్డ నీగాటా పిల్లవాడికి కొద్ది రోజుల్లోనే తన ఊరి జట్టు మ్యాచ్ ఉంది. అదే స్టేడియంలో, బస్సెక్కి వెళ్లేంత దూరంలో. జపాన్ మొత్తంగా చేసిందీ ఇదే. జె-లీగ్ అనే సొంత ప్రొఫెషనల్ లీగ్‌ను 1993లోనే 10 జట్లతో మొదలుపెట్టారు, అంటే ప్రపంచకప్‌కు తొమ్మిదేళ్ల ముందు. ఇప్పుడు మూడు డివిజన్లలో 60 జట్లున్నాయి. ముందు లీగ్, తర్వాత టోర్నమెంట్. ఈ వరుసే అసలు విషయం అని నా నమ్మకం.

అదే ప్రపంచకప్‌ను కలిసి జరిపిన దక్షిణ కొరియా సెమీఫైనల్ దాకా వెళ్లింది. జపాన్ కన్నా రెండు మెట్లు పైకి. మూడో స్థానం కోసం డేగు నగరంలో మ్యాచ్ ఆడుతుంటే అభిమానులు స్టాండ్‌లో అట్టముక్కలు పట్టుకుని “కె-లీగ్‌లో కలుద్దాం” అని అక్షరాలు చేసి చూపించారు. ప్రపంచకప్ అయిపోతుందని, ఇక సొంత లీగ్‌కు రమ్మని జనానికి జనమే చెప్పుకున్న మాట అది. నాకు ఆ ఫోటో చూసినప్పుడల్లా గుండె నిండిపోతుంది. నిజంగానే కొన్నాళ్లు వచ్చారు. తర్వాత పలచబడ్డారు. పార్క్ జీ-సంగ్, లీ యంగ్-ప్యో లాంటి కొరియా జట్టు ఆటగాళ్లు యూరప్‌కు వెళ్లిపోయారు. డేగులో కొత్తగా క్లబ్ పెట్టారు కానీ, 65 వేల మంది పట్టే స్టేడియంలో కొన్ని వేల మంది కూర్చుంటే మ్యాచ్ చూస్తున్నట్టే ఉండదు. చివరికి 2019లో ఊరి మధ్యలో పాత స్టేడియం ఉన్న చోట 12 వేల సీట్లతో కొత్తది కట్టుకున్నారు. స్టాండ్ల నేల అల్యూమినియంతో వేశారు, జనం కాళ్లతో తొక్కుతుంటే స్టేడియమంతా దద్దరిల్లుతుంది. అప్పుడు టికెట్లు అయిపోవడం మొదలైంది. ప్రపంచకప్ జరిగాక పదిహేడేళ్లకు ఆ ఊరికి తన సైజు గ్రౌండ్ దొరికింది.

అమెరికా సంగతి మన తెలుగువాళ్లకు దగ్గరది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. 1994 ప్రపంచకప్ అమెరికాకు ఇచ్చినప్పుడు అక్కడ పెద్ద లీగే లేదు. ఉన్న ఒక్కటీ 1984 సీజన్‌తో మూతపడింది. కొత్త లీగ్ పెట్టాలన్న షరతు మీద ఫిఫా ఆతిథ్యం ఇచ్చింది. 52 మ్యాచ్‌లకు 35 లక్షల పైన జనం వచ్చారు, మ్యాచ్‌కు సగటున దాదాపు 69 వేలు. డల్లాస్‌లోని కాటన్ బౌల్‌లో బ్రెజిల్ 3-2తో నెదర్లాండ్స్‌ను ఓడించింది. బెబెతో గోల్ కొట్టి పసిబిడ్డను ఊపుతున్నట్టు చేతులు ఊపింది ఆ మ్యాచ్‌లోనే.

తర్వాత ఏమైంది? లీగ్ 1996కు గానీ మొదలవ్వలేదు. 10 జట్లు. మొదటి ఏడాది జనం బాగానే వచ్చారు, ఆ తర్వాత తగ్గారు. 2002 సీజన్‌కు ముందు రెండు జట్లను మూసేశారు. డల్లాస్ జట్టుకు కాటన్ బౌల్ మరీ పెద్దదై, 2003లో ఒక హైస్కూల్ స్టేడియంలో మ్యాచ్‌లు ఆడాల్సి వచ్చింది. ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్ జరిగిన ఊళ్లో తొమ్మిదేళ్లకు పరిస్థితి అది. అక్కడ ఆగిపోయి చూసినవాళ్లు “ప్రపంచకప్ వల్ల ఏమీ రాలేదు” అనే రాసి ఉంటారు.

కానీ అదే క్లబ్ 2005లో ఫ్రిస్కోలో సొంత స్టేడియం కట్టుకుంది, దాని పక్కనే 17 గ్రౌండ్లు వేసింది. నా దృష్టిలో ఆ స్టేడియం కన్నా ఆ 17 గ్రౌండ్లే ముఖ్యం. వెస్టన్ మెకెన్నీ, రికార్డో పెపి లాంటి అమెరికా జాతీయ జట్టు ఆటగాళ్లు ఆ క్లబ్ అకాడమీలో తయారైనవాళ్లే. ఫ్రిస్కో అంటే మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మా చెల్లెలు కుటుంబం అక్కడే ఉంటుంది. రెండేళ్ల క్రితం వెళ్లినప్పుడు శనివారం పొద్దున మేనకోడలి మ్యాచ్‌కు నన్నూ తీసుకెళ్లింది. ఎనిమిదేళ్ల పిల్లలు, ఏడుగురు అటు ఏడుగురు ఇటు. గీతలు కొత్తగా కొట్టిన సున్నంలా తెల్లగా ఉన్నాయి. పక్క గ్రౌండ్లో ఇంకో మ్యాచ్, దాని పక్కన ఇంకోటి. గట్టు మీద మడత కుర్చీల్లో కూర్చుని ఒకావిడ “కొట్టు కన్నా, కొట్టు!” అని అరుస్తోంది. వాళ్లలో ఎవరికీ 1994 గుర్తు లేదు. చాలామంది అప్పటికి అమెరికాకే రాలేదు. అయినా ఆ ప్రపంచకప్ షరతుతో పుట్టిన లీగ్, ఆ లీగ్‌లో బతికి బట్టకట్టిన క్లబ్, ఆ క్లబ్ వేసిన గ్రౌండ్లు, వాటి మీద మన పిల్లలు. వరుస తెగలేదు. 2026 ప్రపంచకప్‌లో అన్ని వేదికల కన్నా ఎక్కువగా తొమ్మిది మ్యాచ్‌లు ఇచ్చింది కూడా ఆ డల్లాస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌కే.

కాబట్టి అమెరికాలో పెరిగిందా అంటే పెరిగింది. టోర్నమెంట్ ఊపు చల్లారాక పదేళ్లు నష్టాలు భరించి నిలబడినవాళ్ల వల్ల పెరిగింది.

ఇప్పుడు మన సంగతి. 2017 అక్టోబరులో అండర్-17 ప్రపంచకప్‌ను మన దేశంలో ఆరు నగరాల్లో జరిపారు. మ్యాచ్‌లు చూడటానికి 13 లక్షల 47 వేల మంది వచ్చారు, ఆ టోర్నమెంట్ చరిత్రలో అప్పటికి అదే రికార్డు. గువాహటిలో వానకు గ్రౌండ్ పాడైతే బ్రెజిల్-ఇంగ్లండ్ సెమీఫైనల్‌ను ఉన్నపళంగా కోల్‌కతాకు మార్చారు, అయినా సాల్ట్ లేక్ స్టేడియం నిండిపోయింది. ఫైనల్‌కు 66 వేల పైన జనం. ఇండియా జట్టు మూడు మ్యాచ్‌లూ ఓడింది. కానీ కొలంబియా మీద జీక్సన్ సింగ్ తలతో కొట్టిన గోల్ ఉంది చూశారా, ఏ ప్రపంచకప్‌లోనైనా భారత్‌కు అదే మొదటి గోల్.

కోల్‌కతా ఎందుకు నిండిందో ఆలోచించండి. మోహన్ బగాన్ 1889 నాటిది, ఈస్ట్ బెంగాల్ 1920 నాటిది. టోర్నమెంట్ అక్కడ కొత్త ప్రేమ పుట్టించలేదు, ఉన్న ప్రేమను ప్రపంచానికి చూపించింది.

హైదరాబాద్‌కు ఆ ఆరు నగరాల్లో చోటు దక్కలేదు. అయినా మా దగ్గర ఏం జరిగిందో చెబుతాను. దసరా సెలవుల ముందు నా దగ్గర 26 మంది పిల్లలు. అక్టోబరు చివరికి 60 దాటారు. తల్లిదండ్రులు ఫోన్ చేసి మరీ అడిగారు. నాతో పాటు ఒక్కడే అసిస్టెంట్. బంతులు ఎనిమిది. అరవై మంది పిల్లలకు ఎనిమిది బంతులంటే పిల్లవాడు గంట సేపట్లో బంతిని తాకేది కొన్ని నిమిషాలే. కొత్తగా వచ్చినవాళ్లు లైన్లో నిలబడి విసిగిపోయారు. నవంబరులో గ్రౌండ్‌లో సగం ఎగ్జిబిషన్ వాళ్లకు ఇచ్చారు. పరీక్షలొచ్చాయి. సంక్రాంతి సెలవుల తర్వాత హాజరు పుస్తకంలో 29 పేర్లున్నాయి. అంటే వచ్చినవాళ్లలో నేను నిలుపుకోగలిగింది ముగ్గురిని. ఆ రోజు పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. తప్పు పిల్లలది కాదు. వాళ్లు ఆడటానికే వచ్చారు.

అప్పట్లో మిషన్ ఎలెవన్ మిలియన్ అని, కోటీ పది లక్షల మంది పిల్లలకు ఆటను చేర్చాలని కార్యక్రమం పెట్టారు. స్కూళ్లకు బంతులు పంచారు. ఆలోచన మంచిదే. ఆ మరుసటి ఏడాది ఒక స్కూల్‌కు మ్యాచ్ రిఫరీగా వెళ్లాను. బంతులున్నాయా అంటే బీరువా తీసి చూపించారు. వల సంచిలో ఐదు బంతులు, కొత్తవే. గాలి దిగిపోయి నొక్కితే సొట్టలు పడుతున్నాయి. పంపు ఉంది, పంపుకు పెట్టే సూది విరిగింది. పది ఇరవై రూపాయల సూది. దాన్ని కొనే బాధ్యత ఎవరిదో తేలక ఏడాదిగా బంతులు బీరువాలోనే ఉండిపోయాయి. మాస్టారూ, మీ స్కూల్లో ఏమీ మారకపోవడానికి కారణం ఇలాంటిదే అయి ఉంటుంది. మీ తప్పు అనడం లేదు. పై నుంచి బంతి వచ్చింది, దాని వెనక మ్యాచ్ రాలేదు. మ్యాచ్ ఉందంటే సూది అదే దొరుకుతుంది.

ఆ టోర్నమెంట్ వృథా అని మాత్రం నేను అనను. ఆ జట్టు పిల్లలను విడదీయకుండా ఇండియన్ ఆరోస్ పేరుతో ఐ-లీగ్ అనే మన దేశపు లీగ్‌లో పెద్ద జట్లతో ఆడించారు. జీక్సన్, సురేష్ వాంగ్జమ్, అన్వర్ అలీ, రాహుల్ కేపీ సీనియర్ ఫుట్‌బాల్‌కు వచ్చింది ఆ దారిలోనే. 2018లో మన అండర్-16 జట్టు ఆసియా టోర్నీ క్వార్టర్‌ఫైనల్లో కొరియా చేతిలో 0-1తో ఓడింది. అది గెలిచి ఉంటే ఆతిథ్యం అవసరం లేకుండానే ప్రపంచకప్‌కు వెళ్లేవాళ్లు. అంటే మ్యాచ్‌లు దొరికిన పిల్లలు పెరిగారు. కానీ 2022లో ఆరోస్‌ను కూడా ఆపేశారు.

హైదరాబాద్‌లో ఇంకో ఉదాహరణ ఉంది, చాలామందికి గుర్తు లేదు. 2008లో ఆసియా దేశాల టోర్నమెంట్ ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ మన నగరంలోనే మొదలైంది. గెలిస్తే 2011 ఆసియా కప్‌కు నేరుగా వెళ్లొచ్చు. లాల్ బహదూర్ స్టేడియానికి మా పిల్లల్ని తీసుకెళ్లాను. అఫ్గానిస్థాన్‌తో మ్యాచ్, ఎంతసేపటికీ గోల్ పడదు. చివరి నిమిషాల్లో క్లైమాక్స్ లారెన్స్ కొట్టాడు. మా వాడొకడు, పదేళ్లుంటాయి, నా భుజం మీదికి ఎక్కేశాడు. తర్వాత వానలు పట్టుకున్నాయి, గ్రౌండ్ బురదయింది. సెమీఫైనల్ ఎలాగో అయింది, ఫైనల్‌ను ఢిల్లీకి మార్చేశారు. అక్కడ సునీల్ ఛెత్రి మూడు గోల్స్ కొట్టి తజికిస్థాన్‌ను 4-1తో ఓడించాడు. మా పిల్లలు ఆ సంగతి మర్నాడు పేపర్లో చదువుకున్నారు. తమ ఊళ్లో మొదలైన టోర్నమెంట్ కప్పు ఎత్తడం వాళ్లు చూడలేదు. నీళ్లు బయటికి పోయే ఏర్పాటు సరిగ్గా ఉన్న గ్రౌండ్ ఒక్కటి ఉండి ఉంటే ఆ రాత్రి మా నగరానిది అయ్యేది. దాని బాధ నాకు ఇప్పటికీ ఉంది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే సంగతి 1950లది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా దేశంలోని పెద్ద టోర్నమెంట్లలో ఒకటైన రోవర్స్ కప్‌ను వరసగా ఐదుసార్లు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో హైదరాబాదీలు పలువురు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తి బడిపంతులు. 1943 నుంచి 1963లో చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఊళ్లో ప్రపంచ టోర్నమెంట్ ఒక్కటీ జరగని రోజుల్లోనే నగరంలో అంత ఆట ఉండేది. లీగ్ ఉంది, పోలీసు శాఖలో ఉద్యోగం ఉంది, సాయంత్రం చూడటానికి మ్యాచ్ ఉంది.

“1987లో క్రికెట్ ప్రపంచకప్ ఇక్కడ పెట్టాకే కదా క్రికెట్ పెరిగింది” అని కూడా మాస్టారు రాశారు. నేను ఒప్పుకోను. 1983లో గెలవడం, ఆ వెంటనే ఇళ్లలోకి టీవీలు రావడం అసలు కారణాలు. వాటికి ముందే మన దగ్గర 1930ల నాటి నుంచి మొయినుద్దౌలా క్రికెట్ టోర్నమెంట్ ఉంది. అక్కడా గట్టు ముందే ఉంది.

ఒక మినహాయింపు చెప్పాలి. అమ్మాయిల ఆట విషయంలో ఆతిథ్యం ప్రభావం ఎక్కువ, త్వరగా కనిపిస్తుంది. ఎందుకంటే ఆడపిల్లకు మొదట కావాల్సింది ఇంట్లో ఒప్పుకోవడం. పెద్ద స్టేడియంలో అమ్మాయిలు ఆడటం నాన్న కళ్లారా చూస్తే సగం పని అయినట్టే. ఇంగ్లండ్‌లో 2022 మహిళల యూరో కప్ ఫైనల్‌కు వెంబ్లీలో 87 వేల మంది వచ్చారు. గెలిచిన జట్టు వేడుకలతో ఆగిపోకుండా, బడుల్లో ఆడపిల్లలందరికీ ఫుట్‌బాల్ ఆడే అవకాశం ఇవ్వాలని బహిరంగ లేఖ రాసింది. 2023 మార్చిలో ప్రభుత్వం ఆ దిశగా నిర్ణయం ప్రకటించింది. ఆస్ట్రేలియాలో 2023 ప్రపంచకప్ తర్వాత ఆడతామని వచ్చిన అమ్మాయిలకు గ్రౌండ్లు, బట్టలు మార్చుకునే గదులు చాలలేదు. ఆ గదుల సంగతి చిన్నదిగా తీసుకోకండి. మా దగ్గర పన్నెండేళ్లు దాటిన అమ్మాయిలు మానేయడానికి ముఖ్య కారణం బాత్‌రూమ్ లేకపోవడమే.

మన దేశంలో 2022 అక్టోబరులో అమ్మాయిల అండర్-17 ప్రపంచకప్ జరిగింది. మొదటి మ్యాచ్‌లోనే అమెరికా మీద 0-8. మా అమ్మాయిలు డీలా పడతారని నేను టెన్షన్ పడ్డాను. మర్నాడు ప్రాక్టీస్‌కు ఒక్కరూ మానలేదు. ఒకమ్మాయి వచ్చి, “సార్, వాళ్లకు నెలకు ఎన్ని మ్యాచ్‌లుంటాయి?” అని అడిగింది. మేధావులు పుస్తకాలు రాసే విషయం ఆ పిల్లకు ఒక్క మ్యాచ్‌తో అర్థమైంది.

ఇక 2027 బిడ్ సంగతి. పెద్ద టోర్నమెంట్ల కన్నా కింది స్థాయి మీద దృష్టి పెడతామని చెప్పి వెనక్కి తీసుకున్నారు. మాటగా చూస్తే సరైన నిర్ణయమే. కానీ 2025లో మొదలవ్వాల్సిన ఐఎస్‌ఎల్ (మన దేశపు పై స్థాయి ఫుట్‌బాల్ లీగ్) సీజన్ హక్కుల ఒప్పందం తేలక నెలల తరబడి ఆగింది. 2022లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. 2024లో గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్, సంతోష్ ట్రోఫీ ఫైనల్ అన్నీ జరిగాయి, సంతోషమే. అవి చూసి వచ్చిన పిల్లవాడు “మన జట్టు మ్యాచ్ ఎప్పుడు సార్” అంటే చెప్పడానికి నా దగ్గర తేదీ లేదు. టోర్నమెంట్ ఇక్కడికి రాకపోవడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

మీరేం చేయొచ్చు అంటే, ప్రపంచకప్ మన దేశంలోనే జరగక్కర్లేదు. 2026 ప్రపంచకప్ జూన్ 11న మొదలై జూలై 19 దాకా ఉంటుంది. మన బడులు జూన్ 12న తెరుస్తారు. ఇంతకన్నా మంచి సమయం దొరకదు. ఇప్పుడే చుట్టుపక్కల మూడు స్కూళ్ల పీఈటీలతో మాట్లాడండి. నాలుగు జట్లు, జట్టుకు ఏడుగురు, సగం గ్రౌండ్ చాలు. అమ్మాయిలకు వేరే నాలుగు జట్లు పెట్టగలిగితే ఇంకా మంచిది. ఆదివారం పొద్దున ఏడింటికి మ్యాచ్‌లు, మొదటిది జూన్‌లోనే అయిపోవాలి, ప్రపంచకప్ ఫైనల్ అయ్యాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. ఆగస్టు 15 దాకా తేదీలు రాసి నోటీసు బోర్డు మీద అంటించండి. వాన పడితే ఏ రోజుకు మారుస్తారో కూడా అందులోనే రాయండి. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లవాడికీ మొదటి వారమే ఏదో ఒక జట్టులో పేరు ఉండాలి, లైన్లో నిలబెట్టకండి. నేను 2018, 2022 ప్రపంచకప్‌లకు ఇలా చేశాను. 2022లో కొత్తగా వచ్చిన 31 మందిలో 18 మంది మరుసటి వేసవికి కూడా ఉన్నారు.

ఫిక్స్‌చర్ (ఏ జట్టుకు ఏ రోజు ఎవరితో మ్యాచ్ అన్న పట్టిక) వేయడంలో సాయం కావాలంటే ఇక్కడే అడగండి, నాలుగు జట్లకూ ఆరు జట్లకూ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. బంతులు ఆరు సరిపోతాయి. పంపుకు సూదులు మాత్రం అరడజను కొని మీ జేబులోనే పెట్టుకోండి.